చీసపీక్ అఖాతంలోకి నత్రజని గాలిలోంచి ఎలా చేరుతుంది?

ప్రశ్న:
మేరీల్యాండ్‌లోని అనాపొలిస్‌లో మా ఇంటి వెనుక వాగు చీసపీక్ అఖాతంలో కలుస్తుంది. ఎండలు ముదిరితే నాచు పెరిగి నీరు గోధుమరంగుకు తిరుగుతుంది, అడుగునున్న నీటిగడ్డి కనిపించదు. ఎరువులోని నత్రజనే ఆ నాచును పెంచుతుంది కాబట్టి, పచ్చికకు ఎరువు వేయవద్దని వీధిలో అందరినీ బతిమాలుతున్నాను. తీరా చూస్తే అఖాతంలో చేరే నత్రజనిలో దాదాపు మూడో వంతు గాలిదేనట! పొగ నీళ్లలోకి ఎలా దిగుతుంది?

జవాబు 1:
ఇంజన్లలో, బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో మంట వేడికి నైట్రోజన్ (నత్రజని) ఆక్సైడ్లు పుడతాయండి. అవి నైట్రిక్ ఆమ్లంగా మారి వానతోనో, వాన లేకుండా పొడిగానో దిగుతాయి. నేరుగా అఖాతం మీద పడేది కొంతే. ఎక్కువ భాగం అడవుల మీద, రోడ్ల మీద, పొలాల మీద పడి వాగులు, నదుల వెంట వస్తుంది. అఖాతం పరీవాహక ప్రాంతం 64,000 చదరపు మైళ్లు; నత్రజని మోసుకొచ్చే గాలి పరిధి సుమారు 5,70,000. పడమట దూరంగా ఉన్న ఒహాయో రాష్ట్రపు పొగ కూడా మీ వాగుకు చేరుతుంది.

జవాబు 2:
అమ్మోనియాను మరవకండి, అందులోనూ నత్రజని ఉంటుంది. అఖాతానికి తూర్పున ఉన్న డెల్‌మార్వా ద్వీపకల్పంలో కోళ్ల షెడ్డు తలుపు తీస్తే కళ్లు భగ్గుమనే ఘాటు అదే. అది ఎక్కువగా దగ్గర్లోనే దిగుతుంది, అంటే అఖాతం ఒడ్డునే. పొగగొట్టాల మీద ఉన్నంత నిఘా దీని మీద లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మరి తగ్గించే దారి ఉందా?

జవాబు 1:
తప్పకుండా ఉంది. 1990లో స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించాక విద్యుత్ కేంద్రాల నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గాయి. అపలాచియన్ కొండల్లో, పొలాలే లేని అడవి వాగుల్లో కూడా నైట్రేటు (నీటిలో కరిగిన నత్రజని రూపం) తగ్గింది. ఎరువు విషయంలో మీ వీధివాళ్లను మాత్రం వదలకండి.