మా చేన్లో పరీక్షించిన మిషను లెక్క అడిగితే వ్యాపార రహస్యమంటున్నారు

చంద్రగిరి_సేద్యం:
శెనక్కాయలు తెంపే మిషను ఒకటి మా చేన్లో రెండు సీజన్లు ట్రయల్ పెట్టినారు. సర్కారు డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ అది, పేరు వద్దులే. తడి మట్టికి జల్లెడ బెజ్జాలు పూడుకుపోతా ఉంటే మా అమ్మ చీపురు పుల్లతో పొడుస్తా కూర్చునేది. చివరికి మా నాయన జల్లెడ కింద సైకిల్ చైను ముక్క వేలాడగట్టినాడు. మిషను ఊగితే చైను తగిలి మట్టి రాలిపోయేది. ఇప్పుడు ఒక కంపెనీ అదే మిషను అమ్ముతా ఉంది, చైనుతో సహా. ఎంత ఖర్చయింది, కంపెనీకి ఎంతకిచ్చినారు, డ్రాయింగులు, ఒప్పందం కాపీ కావాలని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు వేస్తే "సెక్షన్ 8(1)(డి), వ్యాపార రహస్యం" అని ఒక్క లైను జవాబు. ఎవరికైనా ఇట్ల జరిగిందా?

చిత్తూరు_పాత_సూపరింటెండెంట్:
బాబూ, నౌకరీలో ఉన్నప్పుడు ఆ లైను నేనే ఎన్నోసార్లు టైపు చేసినాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. డ్రాయింగులూ డబ్బులూ ఒకే దరఖాస్తులో అడిగినావు, అక్కడే వాళ్లకు సందు దొరికింది. డ్రాయింగుకు రహస్యం ఉండొచ్చు, ఖజానా నుంచి పోయిన రూపాయికి ఎక్కడిది? పైగా ఆ క్లాజులోనే విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉంది. సెక్షన్ 10 ప్రకారం దాచాల్సిన ముక్క కొట్టేసి మిగతా కాగితం ఇవ్వాల. జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వెయ్యి. అప్పీలుకు రుసుము అడిగితే రూలు చూపించమను.

ఏర్పేడు_ల్యాబ్:
పరిశోధన చేసేవాడిగా ఒక మాట. పేటెంటుకు దరఖాస్తు పెట్టేదాకా గుట్టు అవసరమే. ముందే బయటపెడితే కొత్తదనం పోయి పేటెంటే రాదు. ఒక సదస్సులో తొందరపడి పోస్టరు పెట్టి నేను అట్లే నష్టపోయినాను, రెండేళ్ల పని. కానీ దరఖాస్తు పెట్టిన 18 నెలలకు పేటెంటు ఆఫీసే దాన్ని ప్రచురిస్తుంది. ఆ తర్వాత బొమ్మలతో సహా వాళ్ల సైటులో ఉచితంగా చూడొచ్చు. సంస్థ పేరుతో వెతకండి అన్నా. పేటెంటు వచ్చి ఉంటే ఫారం 27 కూడా చూడండి. దాన్ని నిజంగా వాడుతున్నారా లేదా అని పేటెంటుదారు చెప్పాల్సిన కాగితం అది. ఇంతకుముందు ఏటా ఇచ్చేవాళ్లు, 2024 రూల్స్ నుంచి మూడేళ్లకోసారి చాలన్నారు. నాకది నచ్చలేదు.

తిరుచానూరు_రోడ్డు:
నేను రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓను ఒక పరికరం గురించి అడిగినా. వాళ్లు ఆర్టీఐ చట్టం రెండో షెడ్యూల్లో, అంటే మినహాయింపు ఉన్న సంస్థల జాబితాలో ఉన్నారు, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప ఏదీ అడగలేమని తిప్పి పంపినారు. రక్షణకు పనికొచ్చే ఆవిష్కరణైతే పేటెంటు చట్టం సెక్షన్ 35 కింద ప్రచురణే ఆపొచ్చు. అది అర్థం చేసుకుంటా. కానీ మన జిల్లాలోనే రాకెట్లు ఎగరేసే ఇస్రో ఆ షెడ్యూల్లో లేదు, ఆర్టీఐకి జవాబిస్తుంది. శెనక్కాయ మిషనుకు అంత గుట్టెందుకు?

పుత్తూరు_మందులషాపు:
కరోనా టీకా కొవాగ్జిన్ సంగతి చూడండి. సర్కారు వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, భారత్ బయోటెక్ కంపెనీ కలిసి చేసినారు. అమ్మకాల మీద ఐసీఎంఆర్‌కు 5 శాతం రాయల్టీ అని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. చెప్పినందుకు కంపెనీ మూతపడలేదు కదా. అట్లాంటి చోట కూడా మొదటి పేటెంటు దరఖాస్తుల్లో ఐసీఎంఆర్ పేరు లేదు. సంగతి బయటికొచ్చినాక 2024 జూన్‌లో కంపెనీ అది పొరపాటని చెప్పి, చేరుస్తున్నామని ప్రకటించింది. ప్రజల డబ్బుతో పుట్టిన మేధోసంపత్తి మీద 2008లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టినారు, 2014లో వెనక్కి తీసుకున్నారు. ఇంతవరకు దానికంటూ ప్రత్యేక చట్టం లేదు.

చంద్రగిరి_సేద్యం:
అందరికీ దండాలు. జవాబొచ్చి పన్నెండు రోజులే అయింది, అప్పీలు ఈ వారమే వేస్తా. డ్రాయింగులు వదిలేసి కొత్త దరఖాస్తు వేరేగా రాసినా: ప్రాజెక్టుకు మంజూరైంది ఎంత, ఖర్చయింది ఎంత, లైసెన్సు ఒక్క కంపెనీకేనా, ఇప్పటిదాకా వచ్చిన రుసుము ఎంత. రాస్తా ఉంటే నాయన పక్కన కూర్చొని ఇంకోటి చేర్చమన్నాడు. ట్రయల్ రిపోర్టులో రైతులు చెప్పిన మార్పులు రాసిన పేజీ కాపీ. అందులో చైను సంగతి ఉందో లేదో చూడాలంట.

చిత్తూరు_పాత_సూపరింటెండెంట్:
ఆ ప్రశ్న అన్నిటికంటే పైన పెట్టు నాయనా. ట్రయల్ జరిగిన తేదీలు, సర్వే నంబరు కూడా రాయి. "రికార్డు దొరకలేదు" అని తప్పించుకోకుండా ఉంటారు.