నందాదేవి లోపలి లోయని మళ్ళీ తెరవాలా? మన కొండబాట మిత్రుల చర్చ

మందస కొండబాట:
ఉత్తరాఖండ్ హిమాలయాల్లో నందాదేవి శిఖరం చుట్టూ ఉన్న లోపలి లోయని 1982లో మూసేశారు. అప్పట్నుంచి మామూలు పర్వతారోహకులకి లోపలికి ప్రవేశం లేదు. బయటి అంచుల్లో కొంతమేర నడకకి మాత్రం పరిమితంగా అనుమతిస్తున్నారు. తెరవాలని నా వాదన. ఏడాదికి కొద్దిమందికే, గట్టి షరతుల మీదే, కానీ తెరవాలి.

ఆ లోయ ఎలాంటిదో తెలిస్తే నా ఆరాటం అర్థమవుతుంది. నడిమధ్య 7,816 మీటర్ల శిఖరం. చుట్టూ దాదాపు 110 కిలోమీటర్ల కొండల ప్రాకారం. అందులో 5,200 మీటర్ల కంటే దిగువన సందన్నదే లేదు, పడమట రుషిగంగ కోసుకుపోయిన గండి ఒక్కటి తప్ప. 1883లో గ్రాహం అనే ఆంగ్లేయ ఆరోహకుడు ఆ గండిలో ప్రయత్నించి వెనక్కి వచ్చేశాడు. తర్వాత లాంగ్‌స్టాఫ్, రట్లెడ్జ్ లాంటి గట్టి ఆరోహకులకీ లోయలోకి దిగడం సాధ్యపడలేదు. చివరికి 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వాళ్ళతోపాటు ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు రాతి గోడల అంచులు పట్టుకుని లోపలికి చేరారు. వాళ్ళు వెళ్ళింది శిఖరం ఎక్కడానికి కాదు. ఏ హిమానీనదం ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తోందో చూసి పటం గీయడానికి. వర్షాలకి ముందు ఉత్తర భాగం, వర్షాలు వెనకబట్టాక దక్షిణ భాగం తిరిగి, సుందర్‌ఢుంగా కనుమ మీదుగా అవతలికి దిగిపోయారు. ఐదుగురే మనుషులు, సామాను కూడా తక్కువే. శిఖరం ఎక్కడం 1936 ఆగస్టు 29న జరిగింది, టిల్మన్, ఓడెల్ అనే మరో ఆరోహకుడు ఎక్కారు.

మహేంద్రగిరి ఎక్కి మంచుకొండల గురించి కలలు కనే పిల్లలు మా వైపు ఉన్నారు. వాళ్ళకి ఆ లోయ ఎప్పటికీ పటంలో బొమ్మేనా?

బొబ్బిలి మాజీ జవాను:
తమ్ముడూ, నేను గఢ్వాల్ వైపు డ్యూటీ చేసినవాణ్ణి. మూసీడమే మంచిదయింది.

1974లో విదేశీ ఆరోహకులకి తెరిచారు. ఎనిమిదేళ్ళు గడిచేసరికి ఏటయిందో చూడు. గండిలో మజిలీ మజిలీకీ వంటచెరకు కోసం చెట్లు నరికీసారు. డబ్బాలు, తాళ్ళు, గుడారం గుడ్డలు ఎక్కడివక్కడే వదిలీసారు. 1993లో సైన్యం ఇంజినీర్లు లోపలికెళ్ళి ఆ చెత్త మోసుకొచ్చారు. అంత ఎత్తులో చలికి ఏదీ తొందరగా కుళ్ళదు. నరికిన జునిపర్ పొద మళ్ళీ అంత అవడానికి మనిషి ఆయుష్షు చాలదు.

అంతకు ముందు 1965లో అమెరికా గూఢచారి సంస్థా, మనవాళ్ళూ కలిసి ప్లూటోనియంతో నడిచే యంత్రం ఒకటి ఆ కొండ మీద పెట్టబోయారు. వాతావరణం తిరగబడితే అక్కడే కట్టి దిగిపోయారు. మరుసటి ఏడాది వెళ్ళి చూస్తే లేదు. ఈ రోజుకీ దొరకలేదు. మనిషి అడుగు పెట్టినచోట మిగిలేవి ఇవీ.

కొద్దిమందికే అంటున్నావు. శివరాత్రి మర్నాడు మహేంద్రగిరి మీద నీళ్ళ సీసాలు నువ్వు చూడలేదా? అది 1,501 మీటర్ల కొండ, దిగువనే ఊళ్ళు, కావాలంటే పదిమంది వెళ్ళి ఏరుకురావచ్చు. అక్కడ ఏరేవాడెవడు?

మందస కొండబాట:
చూశాను అన్నా, మా కుర్రాళ్ళతో కలిసి ఏరాను కూడా. ఇప్పుడు వంటచెరకు అక్కర్లేదు, గ్యాస్ పొయ్యి ఉంది. ఎవరెస్టు మీద ఒక్కో ఆరోహకుడు 8 కిలోల చెత్త దించాలని 2014లో నేపాల్ నియమం పెట్టింది. అమలు చేసేవాళ్ళు గట్టిగా ఉంటే ఇక్కడా కుదురుతుంది.

గంటస్తంభం మాస్టారు:
ఇద్దరూ ఆరోహకుల చుట్టూనే తిరుగుతున్నారు. కిందివాళ్ళ సంగతి కూడా చూడండి.

2021 ఫిబ్రవరి 7న ఆ ప్రాంతంలోనే ఉన్న రోంటీ శిఖరం పక్కనుంచి రాయీ మంచూ కలిసి ఒక్కసారిగా విరిగిపడ్డాయి. సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు. పడిన ఊపుకి మంచు కరిగి, బురదా బండలూ కలిసిన వరదై రుషిగంగలోకి దూకింది. రెండు జలవిద్యుత్ కేంద్రాలు దెబ్బతిన్నాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ఎక్కువమంది అక్కడ పనిచేస్తున్న కూలీలే. పొట్ట చేతపట్టుకుని దూరదేశం పనికెళ్ళడమంటే ఏమిటో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఉపగ్రహం పైనుంచి చాలా చూస్తుంది. కానీ ఒక హిమానీనదం ఏటా ఎంత తరుగుతోందో సరిగ్గా తేలాలంటే మంచులో గెడలు పాతి, మళ్ళీ వెళ్ళి కొలవాలి. కొలిచేవాళ్ళకి తెరవండి. జెండా పాతేవాళ్ళకి వద్దు.

సీతంపేట అనాసతోట:
మాస్టారూ, మీరు కిందివాళ్ళ సంగతి అన్నారు గానీ వాళ్ళని అడగాలని మాత్రం అనలేదు. లోయ వాకిట్లో లాతా, రేణి అని ఊళ్ళున్నాయి. భోటియాలనే కొండజాతి వాళ్ళవి. టిబెట్‌తో వ్యాపారం వాళ్ళ బతుకు. 1962 యుద్ధంతో అది పోయింది. మిగిలింది గొర్రెలూ, అడవీ, ఆరోహకుల మూటలు మోసే పనీ. 1974లో కాంట్రాక్టరు మనుషులు గొడ్డళ్ళతో వస్తే రేణిలో చెట్లని కావలించుకుని ఆపింది గౌరాదేవి, ఆవిడతో ఉన్న ఆడవాళ్ళూ. ఆవిడ పుట్టిల్లు లాతాయే. సరిగ్గా ఎనిమిదేళ్ళకి, అడవిని కాపాడిన ఆ మనుషులకే అడవి మూసేశారు. మేతా పోయింది, మోత పనీ పోయింది. 1998లో ఊరివాళ్ళు నిషేధాన్ని కాదని లోపలికి నడిచారు, మా హక్కు మాకిమ్మని.

షిప్టన్ కంటే ముందే ధరాన్సీ మేతనేల దాకా గొర్రెలు తోలుకెళ్ళినవాళ్ళు వాళ్ళు. గండి బయటి సగం దారి వాళ్ళదే.

నాకు ఇదంతా పుస్తకం సంగతి కాదు. మా సవరల ఊళ్ళలో కొండచీపుళ్ళు కోసుకున్నా, పోడు చేసుకున్నా ఎవరో వచ్చి ఇది మీది కాదనేవారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే మా అమ్మ చేతికి పట్టా వచ్చింది. ఆ చట్టం మేత హక్కుని కూడా గుర్తిస్తుంది. కాబట్టి తెరవాలా వద్దా అని తేల్చాల్సింది మనం కాదు, లాతా గ్రామసభ.

బొబ్బిలి మాజీ జవాను:
తల్లీ, నీ మాట కాదనలేను. నా భయమల్లా ఒకటే. గ్రామసభ పేరు ముందు పెట్టి, వెనకనుంచి నగరాల ఏజెన్సీలు దూరిపోతాయి. ఊరివాడు మూట మోస్తాడు, డబ్బు మాత్రం డెహ్రాడూన్‌లో దిగిపోతాది.

సీతంపేట అనాసతోట:
అందుకే దారి చూపేవాళ్ళూ, మోసేవాళ్ళూ, వంటవాళ్ళూ అందరూ ఆ ఊళ్ళవాళ్ళే అయి ఉండాలని రాతపూర్వకంగా ఉండాలి. ఏడాదికి ఎంతమందో ఊరే తేల్చాలి, మాస్టారు చెప్పిన కొలిచేవాళ్ళ లెక్కలు చూసుకుని. ఇంకొకటి. నందాదేవి వాళ్ళకి ఇంటి ఆడపడుచు లాంటి దేవత, లాతాలో గుడి ఉంది. శిఖరం మీద కాలు పెట్టొద్దని వాళ్ళంటే మందస తమ్ముడు ఒప్పుకుంటాడా?

మందస కొండబాట:
ఒప్పుకుంటాను అక్కా. 1936, 1934ల్లో ఒకటి ఎంచుకోమంటే నేను 1934నే ఎంచుకుంటాను. శిఖరం జోలికి పోకుండా ఉత్తర రుషి, దక్షిణ రుషి హిమానీనదాల అంచు దాకా నడిచి, మాస్టారి గెడలు పాతడానికి సాయం పట్టి తిరిగొస్తే నాకు చాలు. కానీ శాశ్వతంగా మూసెయ్యడానికి మాత్రం ఒప్పుకోను.

బొబ్బిలి మాజీ జవాను:
అలాగైతే మాట్లాడుకోవచ్చు. ఎక్కేటప్పుడు ప్రతి మూటా తూచాలి, దిగేటప్పుడు మళ్ళీ తూచాలి. ఆ తక్కెడ లాతాలో ఉండాలి, లాతావాళ్ళ చేతిలో.