అప్‌డేట్: నాన్ చెక్ ఎందుకు పనిచేయలేదో తేలింది

అసలు ప్రశ్న: జీసీసీలో (సీ కంపైలర్) -ఓ0తో, అంటే ఆప్టిమైజేషన్ లేకుండా, నాన్‌ని (0/0 లాంటి లెక్కల్లో వచ్చే ‘సంఖ్య కాదు’ అనే విలువ) సరిగ్గా పట్టుకుంటున్న ఈజ్‌నాన్(ఎక్స్), రిలీజ్ బిల్డ్‌లో ఎప్పుడూ 0 ఇస్తోంది, ఎందుకు?

కారణం రిలీజ్ బిల్డ్‌లోని -ఓఫాస్ట్ అనే ఆప్టిమైజేషన్ ఫ్లాగ్. అది -ఎఫ్‌ఫాస్ట్-మ్యాత్‌ని (వేగం కోసం దశాంశ లెక్కల నియమాల్ని సడలించే ఫ్లాగ్), దానితోపాటు -ఎఫ్‌ఫైనైట్-మ్యాత్-ఓన్లీని కూడా ఆన్ చేస్తుంది. అంటే నాన్, ఇన్ఫినిటీ అసలు రావని కంపైలర్‌కి మనమే మాటిచ్చినట్టు. ఆ మాట నమ్మి చెక్‌ని మొత్తంగా ఎత్తేస్తుంది. ఎక్స్ != ఎక్స్ (నాన్ తనతో తనే సమానం కాదు కాబట్టి వాడే చెక్) అని రాసినా అంతే. -ఎస్‌తో అసెంబ్లీ తీసి చూస్తే, ఎక్స్86లో యూకామిస్‌డీ (రెండు దశాంశ సంఖ్యల్ని పోల్చే సూచన) వెనక ఉండాల్సిన జేపీ (నాన్ అయితే వేరే దారికి పంపే సూచన) కనిపించదు.

ఇంకా ప్రమాదకరమైనది !(ఏ < బి). ఒకటి నాన్ అయితే ఇది నిజం కావాలి. కానీ కంపైలర్ దీన్ని ఏ >= బిగా మార్చుకోవచ్చు, అప్పుడు అబద్ధం అవుతుంది. హద్దులు చూసే కోడ్‌లో ఇలాంటివి తప్పకుండా వెతకండి.

పరిష్కారం, -ఓఫాస్ట్ బదులు: -ఓ3 -ఎఫ్‌ఫాస్ట్-మ్యాత్ -ఎఫ్‌నో-ఫైనైట్-మ్యాత్-ఓన్లీ. చివరి ఫ్లాగ్‌ని ఫాస్ట్-మ్యాత్ తర్వాతే రాయండి. ముందు రాస్తే ఫాస్ట్-మ్యాత్ ఫైనైట్-మ్యాత్-ఓన్లీని మళ్లీ ఆన్ చేసేయవచ్చు.

ఫ్లాగులు మార్చే వీలు లేకపోతే డబుల్‌ని (64 బిట్ల దశాంశ సంఖ్య) మెమ్‌కాపీతో (బిట్లని ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసే ఫంక్షన్) 64 బిట్ల అన్‌సైన్డ్ పూర్ణాంకం యు లోకి తీసుకోండి. (యు << 1) > (2047 << 53) అయితే అది నాన్. ఎడమకి జరపడంతో గుర్తు బిట్ పోతుంది, సమానమైతే ఇన్ఫినిటీ. 2047ని కూడా 64 బిట్ల అన్‌సైన్డ్‌గానే రాయాలి. ఇది పూర్ణాంకాల పోలిక కాబట్టి ఫాస్ట్-మ్యాత్ ముట్టుకోదు.