విండ్‌షీల్డ్‌ని స్టీలు బోల్టులతో బిగించడం క్షేమమా, ప్రమాదమా?

దూరపుదారి:
నా మోటార్‌సైకిల్ విండ్‌షీల్డ్ నాలుగు రబ్బరు వెల్‌నట్ల మీద నిలబడి ఉంది. అంటే రబ్బరు గొట్టం లోపల ఇత్తడి నట్టు, స్క్రూ బిగిస్తే రబ్బరు ఉబ్బి రంధ్రంలో పట్టుకుంటుంది. అందులో రెండు ఎండి గట్టిపడిపోయాయి, స్క్రూతో పాటు నట్టు కూడా తిరుగుతోంది. పీడా పోతుందని స్టీలు బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి, వదులు కాకుండా పట్టుకునేవి) వేద్దామనుకున్నాను. తోటి రైడర్ ఒకాయన వద్దన్నాడు. ఎదురుగా దేన్నైనా గుద్దితే మనిషి ముందుకే వెళతాడని, షీల్డ్ ఊడి దారివ్వాలే తప్ప గోడలా నిలబడకూడదని అతని వాదన. ఇందులో నిజమెంత? తయారుచేసేవాళ్లు చవగ్గా అవుతుందని రబ్బరు పెడితే దానికి మనం భద్రత అని పేరు పెడుతున్నామా?

స్పానర్‌చేతి:
నేను స్టీలు వైపే. హైవే మీద వెళుతుంటే నా షీల్డ్ కింది రెండు స్క్రూలు ఊడాయి. కింది అంచు లేచింది, దాని కిందికి గాలి దూరి మొత్తం వెనక్కి తిరగబడి హెల్మెట్‌ని కొట్టింది. రెండు మూడు సెకన్లు రోడ్డే కనపడలేదు. పక్కన లారీ ఉండి ఉంటే ఈ మాట రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. గుద్దుకోవడం ఎప్పుడో ఒకసారి జరిగితే జరుగుతుంది. గాలి మాత్రం బండి తీసిన ప్రతిసారీ ఉంటుంది. రోజూ ఉండే ప్రమాదానికే ముందు కాపలా పెట్టుకోవాలి.

రబ్బరువాషరు:
అన్నా, మీకు జరిగింది చిన్న విషయం కాదు. కానీ దానికి మందు స్టీలు కాదనే నా నమ్మకం. ఒక్కసారి లెక్క చూడండి.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో నొక్కుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉన్న షీల్డ్ మీద అది 10 కిలోలు. 130లో వెళ్లినా 16, 17 దాటదు. దాన్ని నాలుగు స్క్రూలు పంచుకుంటాయి. మంచి స్థితిలో ఉన్న వెల్‌నట్‌కి అదో లెక్క కాదు.

ఇప్పుడు గుద్దుకోవడం సంగతి. 75 కిలోల మనిషి 35 కిలోమీటర్ల వేగం నుంచి 20 సెంటీమీటర్లలో ఆగితే సగటున పడే బలం 1,800 కిలోల దాకా ఉంటుంది. అదంతా షీల్డ్ మీదే పడదు, నిజమే. పదో వంతు పడినా 180. గాలి తోపుకీ మనిషి తోపుకీ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు గాలికి నిలిచి, మనిషికి లొంగే బిగింపు చేయడం కష్టమేమీ కాదు. వెల్‌నట్, నైలాన్ స్క్రూ చేసే పని అదే.

ఇంకోటి, దీన్ని చాలామంది గమనించరు. చాలా బండ్ల మీద షీల్డ్ ఫెయిరింగ్‌కి, అంటే బండి ముందుండే ప్లాస్టిక్ తొడుగుకి, బయటి వైపున కూర్చుంటుంది. గాలి దాన్ని ఫెయిరింగ్ మీదికే నొక్కుతుంది. రైడర్ లోపలి నుంచి బయటికి తోస్తాడు, అప్పుడు ఇత్తడి నట్టు రబ్బరుతో సహా రంధ్రంలోంచి జారి వచ్చేస్తుంది. స్టీలు బోల్టు వెనక వాషరు, నైలాక్ నట్టు ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

35 అని ఊరికే అనలేదు. లాస్ ఏంజిలస్ ప్రాంతంలో దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను హ్యారీ హర్ట్ బృందం క్షుణ్ణంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. గుద్దుకున్న క్షణంలో మధ్యస్థ వేగం గంటకు 21.5 మైళ్లు, అంటే మన లెక్కలో 35 కిలోమీటర్లే. ముందుకు జారి ట్యాంకుకి గుద్దుకోవడం లాంటి వాటి వల్ల గజ్జల్లో గాయపడినవాళ్లు కనీసం 13 శాతం. ట్యాంకు ఎలాగూ ఊడదు. ఊడగలిగిన దాన్నైనా ఊడనివ్వాలి కదా.

స్పానర్‌చేతి:
అదే నివేదికలో ఫెయిరింగ్, విండ్‌షీల్డ్ ఉన్న బండ్లు ప్రమాదాల్లో తక్కువగా కనిపించాయనీ ఉంది. దాన్నెందుకు వదిలేశారు?

రబ్బరువాషరు:
వదిలేయాలని కాదు. దానికి వాళ్లు చెప్పిన కారణం వేరు. అలాంటి బండి ఎదుటివాళ్లకు తేలిగ్గా కనపడుతుంది, పైగా దాన్ని నడిపేది ఎక్కువగా అనుభవం, శిక్షణ ఉన్నవాళ్లు. ప్రమాదం జరిగాక షీల్డ్ ఒంటిని కాపాడిందని ఆ మాటకు అర్థం కాదు.

మానినఎముక:
స్టీలు బోల్టులు వేసుకుని గుద్దుకున్నవాణ్ణి నేను. ముందు కారు ఉన్నట్టుండి అడ్డంగా తిరిగింది. షీల్డ్ ఊడలేదు, మధ్యకి విరిగింది. అది యాక్రిలిక్ ప్లాస్టిక్. విరిగిన అంచు జాకెట్‌ని భుజం నుంచి ఛాతీ దాకా కోసింది, లోపల చర్మం కూడా తెగింది. కాలర్‌బోన్ విరిగింది కానీ అది షీల్డ్ వల్లో హ్యాండిల్ వల్లో చెప్పలేను, లేనిది అంటగట్టను. కోత మాత్రం షీల్డ్‌దే. ఇప్పుడు పాలికార్బొనేట్ అనే వేరే ప్లాస్టిక్ వాడుతున్నాను. దాని మీద గీతలు త్వరగా పడతాయి, కానీ అంత తేలిగ్గా పెంకుల్లా పగలదు.

మెకానిక్‌మాట:
బోల్టుల దగ్గరే ఆగిపోతున్నారు. హ్యాండిల్‌కి క్లాంపులతో బిగించే షీల్డ్‌లకు రెండు పక్కలా ఇనప కడ్డీలుంటాయి. షీల్డ్ ఎగిరిపోయినా ఆ కడ్డీల కొసలు మిగులుతాయి, ఛాతీకి సూటిగా. వాటికి రబ్బరు తొడుగు కూడా ఉండని బండ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. నా దృష్టిలో స్టీలు బోల్టు కంటే అదే భయం.

స్పానర్‌చేతి గారూ, మీ కింది స్క్రూలే ముందు ఊడాయంటే ఆశ్చర్యం లేదు. గాలి పై అంచుని వెనక్కి వంచుతుంది, పై స్క్రూలు ఇరుసులా ఉండి కింది భాగం ముందుకు లేస్తుంది. రబ్బరు బాగుంటే పట్టుకుంటుంది, ఎండితే వదిలేస్తుంది. స్క్రూలు వదులవుతున్నాయని కొందరు థ్రెడ్‌లాకర్ (మరలను అతికించి పట్టి ఉంచే జిగురు) పోస్తారు. దయచేసి పోయకండి. అది తగిలితే పాలికార్బొనేట్ రంధ్రం చుట్టూ సన్నటి పగుళ్లు వస్తాయి. పెట్రోలు, అమ్మోనియా ఉన్న క్లీనరు కూడా అంతే. షీల్డ్ ఎగిరిపోయిన బండ్లలో స్క్రూ అక్కడే ఉండి, దాని చుట్టూ ప్లాస్టిక్ చిట్లినవి కూడా చూశాను.

స్పానర్‌చేతి:
ఇరుసు సంగతి నాకు తట్టలేదు. నా వెల్‌నట్లు ఎప్పటివో నాకే తెలియదు, బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అయినా ఒక మాట. వెల్‌నట్లు చాలంటున్నవాళ్లు అవి ఎండుతాయని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి ఎండలో నిలబెట్టిన బండికి అవే ఉంచి "ఇది భద్రత కోసమే" అంటే నేను ఒప్పుకోను.

రబ్బరువాషరు:
ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. నేను ప్రతి వాన కాలం ముందు స్క్రూలు తీసి రబ్బరు వేళ్లతో నొక్కి చూస్తాను. మెత్తగా నొక్కుకోకపోతే నాలుగూ మార్చేస్తాను.

దూరపుదారి:
బోల్టుల ఆలోచన మానుకున్నాను. నాలుగు కొత్త వెల్‌నట్లు తెప్పిస్తున్నాను. మెకానిక్‌మాట గారు చెప్పాక వెళ్లి చూస్తే, ఫోన్ హోల్డర్ కోసం నేనే వేసిన స్టీలు అడ్డకడ్డీ షీల్డ్ వెనక సరిగ్గా గొంతు ఎదురుగా ఉంది. ఈ సాయంత్రమే తీసేశాను. ఫోన్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. ట్యాంక్ బ్యాగ్ పై జేబు వాడుతున్నవాళ్లుంటే ఎండలో స్క్రీన్ కనపడుతుందో లేదో చెప్పండి.