లైకా ఎం6 మీద స్టేజీ ఫొటోలు: 90 చాలా, 135 కావాలా?

నాటకాల పిచ్చి:
నా దగ్గర ఎం6 రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా ఉంది, 0.72 ఫైండర్ది (బొమ్మ అసలు సైజులో 0.72 వంతు కనిపిస్తుంది). ఇన్నాళ్లూ 35 ఎంఎం లెన్స్‌తోనే లాగించేశాను. ఇప్పుడు సురభి వాళ్ల నాటకాలు తీయాలని ఉంది. దీని షట్టర్ చప్పుడు తక్కువ, పక్కవాళ్లు తిరిగి చూడరు, అందుకే ఎస్ఎల్ఆర్ (లోపల అద్దం లేచి చప్పుడు చేసే కెమెరా) జోలికి పోదల్చుకోలేదు. కూర్చునే చోటుకీ స్టేజీకీ మధ్య ఎనిమిది మీటర్లు ఉంటుంది. 90 తీసుకోమంటారా, 135నా? నాకు కళ్లద్దాలు కూడా ఉన్నాయి.

సిల్వర్ గ్రెయిన్:
డబ్బు బయటికి తీయకముందే ఒక పని చేయండి. ఏ లెన్స్‌కి ఎంత పడుతుందో చూపే ఫ్రేమ్ గీతల్ని మార్చే చిన్న మీట లెన్స్ పక్కన ఉంటుంది కదా, అది జరుపుతూ ఫైండర్లో చూడండి. 90 గీతలు 28తో కలిసి వస్తాయి, 135వి 35తో. ఆ 135 డబ్బా మధ్యలో ఎంత చిన్నగా ఉంటుందో చూశాక మీకే తెలిసిపోతుంది. అందులో నటుడి కళ్లు ఎటు చూస్తున్నాయో కనిపెట్టడం నావల్ల కాలేదు. 28 గీతలు ఫైండర్ అంచుల్లో ఉంటాయి కాబట్టి కళ్లద్దాల గొడవ దానికే, 90కి ఉండదు.

లెక్క కూడా చూడండి. ఎనిమిది మీటర్ల నుంచి 90తో అడ్డంగా తీస్తే రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు పడుతుంది, అంటే ఘటోత్కచుడు కిరీటంతో సహా. 135తో 1.4 మీటర్లే, నడుము దాకా.

ఇంకోటి, ఎం6 గీతలు దగ్గరి దూరానికి వేసినవి. దూరంగా ఉన్నవి తీస్తే గీతల బయటిది కూడా కొంత ఫిల్మ్ మీదికి వస్తుంది. కాస్త బిగించి ఫ్రేమ్ చేయండి.

పాత ఎం3:
మా ఎం3లో 0.91 ఫైండర్ కాబట్టి 135 హాయిగా వాడతాను. ఎం6 వాళ్లకి కళ్లద్దాల్లాంటి అటాచ్‌మెంటు ఉన్న 135 ఎఫ్/2.8 ఎల్మారిట్ లెన్స్ ఒక దారి. అది ఫైండర్ బొమ్మను ఒకటిన్నర రెట్లు పెంచి, 90 గీతల్లోనే చూపిస్తుంది. కానీ బరువు! మెడకి తగిలించుకుంటే రెండో అంకానికల్లా రేంజ్‌ఫైండర్ ఎందుకు కొన్నామా అనిపిస్తుంది.

సిల్వర్ గ్రెయిన్:
@పాత ఎం3 అన్నా, ఆ బరువు మోసేకంటే ముందు వరసలో టికెట్ కొనుక్కోవడం నయం.

వైజాగ్ గాలి:
90 ఎఫ్/4 ఎల్మార్ చవగ్గా దొరుకుతుంది, చిన్నది. ఎఫ్ అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ వస్తుందనుకోండి, కానీ ఎఫ్/4 చాలదా?

నాటకాల పిచ్చి:
హెచ్‌పీ5ని (400 స్పీడ్ నలుపు తెలుపు ఫిల్మ్) 1600కి పుష్ చేద్దామనుకుంటున్నా, అంటే 1600 అనుకుని తీసి ఎక్కువసేపు డెవలప్ చేయడం.

సిల్వర్ గ్రెయిన్:
స్టేజీ మీద రంగు లైట్లు వేస్తే అది కూడా కష్టమే. 2.8 ఉంటే ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుగు కలిసొస్తుంది, 1/60 బదులు 1/125 పెట్టుకోవచ్చు. ఫోకస్ గురించి టెన్షన్ వద్దు. ఎనిమిది మీటర్ల దగ్గర 90కి ఎఫ్/2.8లో కూడా మీటరు పైనే లోతు ఫోకస్‌లో ఉంటుంది. అదే లెన్స్‌తో మీటరున్నర దూరంలో మనిషి ముఖం తీస్తే ఐదు సెంటీమీటర్లే, కన్ను వదిలి చెవి ఫోకస్ అవుతుంది. అసలు పరీక్ష గ్రీన్‌రూమ్‌లో మేకప్ వేసుకునేటప్పుడు తీసేవాటికే.

వైజాగ్ గాలి:
సెకండ్ హ్యాండ్ కొంటే చీకటి గదిలో టార్చి వెనక నుంచి వేసి చూడండి. సన్నగా ఉండే పాత 90 టెలీ ఎల్మారిట్‌లలో కొన్నింటికి లోపలి గాజు మీద పొగమంచులా పడుతుంది, ఒక్కోసారి తుడిచినా పోదు. పైగా మా సముద్రం పక్కన ఫంగస్ ఊరికే పట్టేస్తుంది. లోకల్‌గా ఒకాయన నాకు "మింట్" అని అమ్మిన లెన్స్‌లో సాలెగూడు కనపడింది. సోవియట్ లెన్స్ జూపిటర్-9 చవక కదా అని ఎగబడకండి. సోవియట్ లెన్సులు కాంటాక్స్ కెమెరాల ఫోకస్ కొలత మీద చేసినవి, లైకా మీద దగ్గరి ఫోకస్ తప్పుతుంది.

నాటకాల పిచ్చి:
మీట జరిపి చూశాను. 135 సంగతి ఇక ఎత్తను. 90 ఎఫ్/2.8 ఎల్మారిట్-ఎం, 46 ఎంఎం ఫిల్టర్‌ది, ఒకటి చూసి పెట్టుకున్నా. ఆదివారం టార్చి పట్టుకుని వెళ్తున్నా.

పాత ఎం3:
ఎం6 కూడా తీసుకెళ్లండి. మీటరున్నరలో ఒక ముఖం, దూరంగా ఒక బోర్డు, రెండూ ఎఫ్/2.8లోనే తీయండి. రోల్ డెవలప్ చేశాకే డబ్బు ఇస్తానని ముందే చెప్పండి.