అప్‌డేట్: స్కేలు కింద ఇంకు పాకే సమస్య తీరింది

ఇంకుతో జ్యామితీయ నైరూప్య చిత్రాలు గీస్తుంటే స్కేలు కిందికి ఇంకు పాకుతోందని, గీతలు ఖండించుకునే చోట మచ్చ కడుతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చినవారందరికీ కృతజ్ఞతలు.

స్కేలు తిరగేయమన్న సలహాయే పనిచేసింది. ఏటవాలు అంచు కాగితం వైపు ఉంటే మధ్యలో సందు మిగులుతుంది, ఇంకు లోపలికి పీల్చుకుపోదు. కర్నూలులో ఒకప్పుడు భవనాల ప్లాన్లు గీసిన పెద్దాయన ఇంకో మెట్టు పైకెళ్లి, స్కేలు అడుగున రూపాయి బిళ్లలు టేపుతో అంటించి ఇచ్చారు. ఒక దిక్కు గీతలన్నీ ఆరాకే రెండో దిక్కువి గీయమన్నారు. మచ్చలు పోయాయి.

కర్నూలు ఎండ వల్లేనేమో అన్న అనుమానం వచ్చింది కానీ, ఎండకూ దీనికీ సంబంధం లేదు. కాగితం మారిస్తే సరిపోతుందని ఖరీదైనది కొనిపించినవారిని మాత్రం క్షమించలేను!

ఈలోగా నా పద్ధతే మారింది. లేపాక్షి ఆలయంలోని లతామండప స్తంభాల మీద చెక్కిన అల్లికలు చూశాక, స్కేలును పెన్సిలు గళ్లకే పరిమితం చేశాను. ఇంకు గీతలు చేత్తోనే. కాస్త వణికినా ప్రాణమున్నట్టు ఉన్నాయి. పెన్సిలు గీతలు చెరిపే ముందు ఇంకు పూర్తిగా ఆరనివ్వండి, లేకుంటే నలుపు బూడిదరంగులోకి దిగుతుంది.