‘సాధనమున పనులు’: సాధనా, సాధనమా?

బోస్టన్ టీచర్: ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. చార్టర్ స్కూళ్లలో (ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే బడుల్లో) ఐఈపీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి బడి రాసిచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, ఉన్న పిల్లల చదువు ఎలా సాగుతోందన్నది విషయం. శీర్షికకి వేమన ‘అనగననగ రాగ’ పద్యంలో మూడో పాదం తీసుకున్నా. ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ అనాలా, ‘సాధనమ్మున’ అనాలా? చిన్నప్పుడు రెండోదే పాడినట్టు గుర్తు.

ఛందోప్రియ: ‘మ్ము’ చేరిస్తే ఆటవెలది ఛందస్సు చెడుతుంది. ఈ పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (అక్షరాల గుంపులు) రావాలి. సాధ, నమున, పనులు మూడు సూర్యగణాలు. సమకూరు, ధరలోన రెండు ఇంద్రగణాలు. మొదటి అక్షరం ‘సా’కి నాలుగో గణం మొదట్లో ‘స’ యతి, అంటే అక్షర మైత్రి. ద్విత్వం పెట్టారంటే ఆ యతి కూడా పోతుంది.

వేపచెట్టు: పాఠం సంగతి తేలింది, అర్థం తేలలేదు. నా లెక్కన ఇక్కడ సాధనము అంటే అభ్యాసమే. పైన ‘అనగననగ’, ‘తినగ తినగ’ ఉన్నాయి కదా. ‘ఉప్పు కప్పురంబు’లో ‘చూడ చూడ’ కూడా ఇలాంటిదే. ఒకే క్రియను రెండుసార్లు అనిపించడం వేమనకి ఇష్టం.

నిఘంటుప్రియుడు: అభ్యాసానికి ‘సాధన’ వేరే ఉండగా ‘సాధనము’ ఎందుకండీ? అది పనిముట్టు, ఉపాయం. చివరి ‘న’ తృతీయార్థంలో, అంటే ‘తో’ అనే అర్థంలో, రావడం మామూలే. తగిన ఉపాయంతో పనులు నెరవేరతాయని భావం.

బోస్టన్ టీచర్: నా వ్యాసంలో పేచీ సరిగ్గా అక్కడే. బోస్టన్ చార్టర్లలో సీట్లు లాటరీ వేసి ఇస్తారు. ఎలిజబెత్ సెట్రెన్ అనే పరిశోధకురాలు లాటరీలో సీటు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూశారు. చార్టర్‌లో చేరిన పిల్లలకి స్పెషల్ ఎడ్ (ప్రత్యేక విద్య) గుర్తింపు తీసేయడం ఎక్కువ, అయినా మార్కులు బాగా పెరిగాయి. ఆ బడుల్లో ఎక్కువ గంటల చదువు, గట్టి ట్యూటరింగ్ ఉంటాయి. అభ్యాసం పక్షమే గెలిచినట్టు నాకనిపిస్తోంది.

నిఘంటుప్రియుడు: ఒక్క ఊరిని చూసి తేల్చకండి. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో పరిశోధనా కేంద్రం 2023 జాతీయ నివేదికలో చార్టర్ పిల్లలు మొత్తం మీద చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. స్పెషల్ ఎడ్ పిల్లలు మాత్రం రెండింటిలోనూ వెనకబడ్డారు. వాళ్లు చేరడమే తక్కువ. 2009–10లో చార్టర్లలో సుమారు 8 శాతం, మామూలు ప్రభుత్వ బడుల్లో 11 శాతం. స్పీచ్ థెరపిస్టు వారానికోసారి వచ్చే చిన్న బడిలో మాట సరిగా రాని పిల్లాడికి ఎన్ని గంటల ట్యూటరింగ్ ఇస్తే ఏం లాభం?

వేపచెట్టు: ‘స్పెషల్ ఎడ్ పిల్లలు’ అని అందరినీ ఒకే గంపలో వేయడమే తప్పు. డిస్లెక్సియా ఉన్న పాపకి కావలసింది వేరు, ఆటిజం ఉన్న బాబుకి కావలసింది వేరు. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్నది అందుకే నాకు ‘తినగ తినగ’ కంటే గొప్ప పద్యం. అసలు వేము తియ్యబడదు, నాలుకే అలవాటు పడుతుంది. ఇక్కడ అలవాటు పడాల్సింది పిల్లాడా, బడా?

బోస్టన్ టీచర్: బడే. ఎండ్రూ ఎఫ్. అనే పిల్లాడి కేసులో 2017 తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు అదే తేల్చింది. నామమాత్రపు ప్రగతి చాలదు, ఆ పిల్లాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ఐఈపీ ఉండాలంది. చార్టరైనా ప్రభుత్వ బడే కాబట్టి తప్పించుకోవడానికి వీల్లేదు.

నిఘంటుప్రియుడు: మరి ఐఈపీ పనిముట్టే కదా! నా అర్థమే నిలిచింది.

వేపచెట్టు: అలమరలో పెడితే ఏ పనిముట్టుతోనూ పని సమకూరదండీ.

ఛందోప్రియ: ‘సమకూరు’ అకర్మకం, ఎవరు సమకూరుస్తారో వేమన చెప్పలేదు. అది అటుంచి, రెండో పాదం ‘తియ్యనుండు’ అని రాస్తారా, ‘తియ్యగుండు’ అనా? గణాలు రెండింటికీ సరిపోతాయి.

నిఘంటుప్రియుడు: ‘తియ్యనుండు’. దీని మీద వేరే పోస్టు పెట్టండి, చాలా చెప్పాలి.